నలుగురేసి నడిచిన రోజు

మా వూరి బడిలో పోలీసు క్యాంపు పెట్టిన ఏడాది జీడిపిక్కలు చెట్ల కిందే మొలకెత్తాయి. ఏరడానికి మనుషులు లేక కాదు. తోటకి వెళ్లాలంటే ముందు క్యాంపులో చెప్పాలి. ఎవరు వెళ్తున్నారో, ఎందుకు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో చెప్పాలి. ఐదుగురు ఒకచోట కనిపిస్తే నేరం. జీడి ఏరే పని ఇద్దరు ముగ్గురితో తెమిలేది కాదు గనక చాలామంది ఆ ఏటి పంటనే వదులుకున్నారు. అరవైల చివరి ఆ రెండు మూడేళ్లూ ఉద్దానమంతా ఇలాగే గడిచింది. కొండల్లో తుపాకులు పట్టినవాళ్లకి మా కొబ్బరితోటల నుంచి తిండీ మనుషులూ వెళ్తున్నాయని ప్రభుత్వం అనుమానం.

నాకప్పటికి పెళ్లై ఏడాది దాటింది. పుట్టిల్లు టెక్కలి. నాన్నకి బజారులో ఎరువుల కొట్టు ఉండేది. దాంతో పాటు ఒక ప్రతిపక్ష పార్టీకి ఆయన తాలూకా కార్యదర్శి. కొట్టు కన్నా పార్టీ మీదే ధ్యాస ఎక్కువని అమ్మ ఎప్పుడూ దెప్పేది. అత్తారిల్లు పలాసకి తూర్పున, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఇసకనేలల వూరు. మావయ్య నేను కాపురానికి రాకముందే పోయాడు. ఇల్లూ తోటా అత్తే చూసుకునేది. సన్నటి మనిషి, గట్టి గొంతు. వీధి ఈ చివర మాట్లాడితే ఆ చివర పశువులు కూడా చెవులు రిక్కించేవి.

వూరికొక ప్రెసిడెంటు ఉన్నాడు. పంచాయతీ ఎన్నికలు పేరుకి జరిగేవి. ఆయన మీద పోటీ చేస్తానన్నవాడి ఎడ్లు వారం తిరక్కుండా బందెలదొడ్లో తేలేవి. వాడి తోటకి దారి మూసుకుపోయేది. కూలి ఎంతో ఆయనే చెప్పాలి, ఎవరి గొడవ ఎలా తీరాలో ఆయనే చెప్పాలి. ఆయన తోటలో కొబ్బరి దింపు రోజున వూళ్లో కూలివాళ్లంతా ఉచితంగా పని చెయ్యాలి. నా పెళ్లికి ముందే మా ఆయనా మరికొందరు కుర్రవాళ్లూ కలిసి కూలీల సంఘం ఒకటి పెట్టి, ఉత్తినే పని చెయ్యం అన్నారు. సంఘం మీటింగులు మా ఇంటి పెరట్లోనే జరిగేవి. అదే ప్రెసిడెంటు కళ్లలో పడ్డ నలుసు.

క్యాంపు వచ్చాక ప్రెసిడెంటు తన వీధి వరండా ఇనస్పెక్టరు గారి భోజనాలకి ఇచ్చాడు. ఆ వరండాలోంచి ఆయన ఏ ఇంటివైపు వేలు చూపిస్తే పోలీసులు ఆ ఇంటికి వెళ్లేవారు. ప్రభుత్వం, కోర్టు, పంచాయతీ అన్నీ ఆ బడికీ ఆ వరండాకీ మధ్యనే ఉన్నాయని మాకు త్వరలోనే అర్థమైంది.

ఐదుగురి నిబంధన ఎంత దూరం వెళ్తుందో కూడా చూశాం. వీధి చివర ముసలాయన పోతే, పాడె మోసేవాళ్లు నలుగురు, ముందు నిప్పుకుండ పట్టుకున్న కొడుకు ఐదోవాడు అయ్యాడు. కానిస్టేబులు కొడుకుని ఆపేశాడు. మా అత్త వెళ్లి అడిగింది.

“బాబూ, సచ్చినోడికి కొడుకు అక్కర్లేదేటి?”

“రూలు రూలే” అన్నాడు కానిస్టేబులు.

చివరికి మోసేవాళ్లలో ఒకణ్ణి తప్పించారు. కొడుకే ఒక చేత్తో కుండ పట్టుకుని, రెండో భుజాన పాడె మోస్తూ శ్మశానానికి నడిచాడు. ఆ రోజు అత్త అన్నం తినలేదు. అరుగు మీద కూర్చుని, “నలుగురైతే ఆడికి పనిలేదన్నమాట” అని రెండు మూడుసార్లు అనుకుంది. నాకప్పుడు ఆ మాట పట్టలేదు.

ఒక ఉదయం సంఘంలో ముఖ్యులైన ఏడుగురిని మాట్లాడాలని బడికి పిలిచారు. మా ఆయన పెరట్లో ముఖం కడుక్కుంటున్నాడు. తుండుతో తుడుచుకుంటూ, “వొచ్చెత్తాను, గంజి కాసి ఉంచు” అని వెళ్లాడు. మధ్యాహ్నమైంది, రాలేదు. సాయంత్రం అత్తా నేనూ బడి గేటు దగ్గరికి వెళ్లాం. ఇనస్పెక్టరు బయటికొచ్చాడు. మా ప్రాంతం మనిషి కాదు, మాట తేడాగా ఉండేది.

“ఎవరమ్మా? ఇక్కడ ఎవరూ లేరే” అన్నాడు.

ఆయన వెనక, కిటికీ ఊచకి మా ఆయన తుండు వేలాడుతోంది. పచ్చ అంచు తుండు. నేను చూశాను, అత్తా చూసింది, మేం చూశామని ఇనస్పెక్టరూ చూశాడు. చూసి కూడా, “మీవాళ్లు కొండలకి పోయుంటారు, కనబడితే మాకు చెప్పండి” అన్నాడు. కొండలకి పోయారని పోలీసులు చెప్పినవాళ్లు తర్వాత ఎదురుకాల్పుల్లో చచ్చారన్న కబురే వచ్చేదని అప్పటికే అందరం విని ఉన్నాం.

దారిలో ఏడుపు ఆగలేదు నాకు. అత్త నా చెయ్యి గట్టిగా నొక్కింది. “ఓలమ్మీ, ఇక్కడ ఏడవకు. మనం బయపడిపోనామని ఆలకి తెలిసిపోద్ది. ఇంటికెళ్లి పీసు తీ.”

పీచు ఎందుకో మర్నాడు తెలిసింది. బడికి ఎదురుగా మాదే ఒక చిన్న నేలముక్క ఉంది. అత్త కొబ్బరిపీచు గంప తీసుకెళ్లి అక్కడ కూర్చుని తాడు పేనడం మొదలెట్టింది. నన్నూ, ఇంకో ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుంది. కాస్త ఎడంగా మరో నలుగురు, ఇంకాస్త ఎడంగా ఇంకో నలుగురు. మొత్తం ఏడిళ్ల ఆడవాళ్లూ, వాళ్ల చుట్టాలూ వచ్చారు. మా నేల, మా పీచు, మా పని. పొద్దున్నించి చీకటి పడేదాకా బడి గేటు మా కళ్లముందే ఉండాలి, మావాళ్లని ఎక్కించుకుని జీపు కదిలితే అది వూరంతా చూడాలి. అదీ అత్త ఆలోచన.

పట్టుకెళ్లినవాళ్లలో కొబ్బరిచెట్లెక్కే అతనొకడు. వూళ్లో అతనంత చురుగ్గా ఎక్కేవాడు లేడు. అతణ్ణి మాత్రం రోజూ బయటికి తెచ్చేవారు. పోలీసులకి బొండాలు దింపాలి. మొలకి తాడు కట్టి ఎక్కించేవారు, కింద తుపాకీతో ఒకడు నిలబడేవాడు. చెట్టు మీదకి వెళ్లాక అతను ఒక్క క్షణం మావైపు తిరిగేవాడు. అతని భార్య నా ఈడుదే, చంకలో నెలల పిల్లాడు. “అదిగో మీ అయ్య” అని పిల్లాడి మొహం అటు తిప్పేది. మిగతా ఆరుగురి సంగతి తెలియక మేం ఆమెను చూసి ఈర్ష్య పడేవాళ్లం. ఆమె భర్త కనబడుతున్నాడు కదా అని.

ఇలా ఎన్నాళ్లు కూర్చున్నా ఇనస్పెక్టరు ‘లేరు’ అన్న మాట మార్చలేదు. చూసి నవ్వేవాడు. ఒకరోజు గేటు దగ్గరికొచ్చి, “తాళ్లు బాగా పేనండి, మాకూ పనికొస్తాయి” అన్నాడు. ఆ సాయంత్రమే అత్త నాతో, “రేపు మీ అయ్యకాడికి ఎల్దాం” అంది.

నాన్న మమ్మల్ని కొట్టు వెనక గదిలో, ఎరువుల బస్తాల మధ్య కూర్చోబెట్టాడు. ఆ ఘాటుకి కళ్లు మండుతున్నాయి. నాన్న కళ్లూ ఎర్రగానే ఉన్నాయి. అల్లుణ్ణి పట్టుకెళ్లినప్పటి నుంచి ఆయన అధికారుల చుట్టూ ఒంటరిగా తిరుగుతున్నాడు, పార్టీని మాత్రం కదపలేదు.

“చెల్లెమ్మా, అల్లుడంటే నాకు కొడుకే. కానీ పార్టీగా మేం అక్కడికొస్తే రేపు మమ్మల్నీ కొండల్లోవాళ్లతో కలిపి కట్టేస్తారు. మాకున్న ఆ నాలుగు సీట్లూ పోతాయి. పైవాళ్లు ఒప్పుకోరు” అన్నాడు.

అత్త కొంగు నడుముకి దోపుకుంది. “అన్నయ్యగారూ, మాకు కొండ తెల్దు, సీట్లు తెల్దు. మా బడిలో ఏడుగురు మనుసులున్నారు. ఆడు లేరంటన్నాడు. ఆ మాట ఎనక్కి తీయించాల. మాం ఒక్కలమే అడిగితే ఆడు నవ్వతన్నాడు. మీరొక్కలే అడిగితే ఓట్ల కోసరం అంటాడు. ఇద్దరం కలిసి అడగాల.”

నాన్న కొట్లో మనిషిని పంపి టెక్కలిలోనే ఉండే ఒక వకీలు గారిని పిలిపించాడు. నేను నమ్మలేకపోయాను. ఆ వకీలు ఎర్రజెండా పార్టీ మనిషి. కిందటి ఎన్నికల్లో ఆయన నాన్నని నడిబజారులో ‘భూస్వాముల తోక’ అన్నాడు. నాన్న ఆయన్ని ‘పరాయి దేశపు భజన’ అన్నాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే హోటల్లో టీ తాగినా ఒకరు లేచాకే ఇంకొకరు కూర్చునేవారు.

వకీలు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నాన్న లేచి బస్తా మీద గుడ్డ పరిచి, “కూర్చోండి” అన్నాడు. ఆయన కూర్చున్నాడు. విషయమంతా అత్త చెప్పింది.

“పట్టుకున్నామని ఒప్పుకుంటే మర్నాటికల్లా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి” అన్నాడు వకీలు. “అందుకే ఒప్పుకోడు. ఒప్పుకోనంతకాలం వాళ్లు ఎక్కడా లేని మనుషులు. ఏం చేసినా అడిగేవాడుండడు. ఆ మాట పదిమంది ముందు, తనకన్నా పెద్దవాడి ముందు ఒప్పించగలిగితే తర్వాత సంగతి నేను చూస్తాను.”

ఆ పెద్దవాడు ఎవరన్నదీ వాళ్లిద్దరికీ తెలుసు. పలాసలో ఆసుపత్రి భవనానికి శంకుస్థాపన చెయ్యడానికి ఒక మంత్రి వస్తున్నాడు. రెండు పార్టీలూ విడివిడిగా నల్లజెండాలు చూపిద్దామనే అనుకుంటున్నాయి. ఒకరు స్టేషను వైపు, ఇంకొకరు బజారు వైపు.

“జెండాలు ఒద్దు” అంది అత్త.

“జెండా లేకుండా ఎలా?” అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. అన్నాక ఒకరినొకరు చూసుకున్నారు.

“ఏ రంగు జెండా ఉన్నా ఆడికి సాకు దొరుకుద్ది. నలుగురేసి నడుత్తాం. ఐదుగురైతే కదా నేరం? ఒక్కో నలుగురిలో ముగ్గురు మా ఆడోలు, ఒక్కడు మీ మగోడు. మీ పార్టీవోడైనా సరే, ఈ బాబు పార్టీవోడైనా సరే. ఎనక నిలబడి అరిసీసి ఎల్లిపోతే కుదరదు. లాటీ దిగితే మా ఈపు మీదే కాదు, మీ ఈపు మీదా దిగాల.”

వకీలు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “సరేనమ్మా. మాదొక షరతు. ఒక్క రాయి పడకూడదు. కొండల మాట ఎత్తకూడదు. నినాదాలు ఎవరికి తోచినవి వాళ్లు ఇవ్వకూడదు.”

“మాకు నినాదాలు రావు బాబూ. పేర్లొచ్చు. ఏడు పేర్లు పిలుత్తాం.”

నాన్న నావైపు తిరిగి, “నువ్వూ నడుస్తావా?” అని అడిగాడు. నడుస్తానన్నాను. ఆయన మొహం పక్కకి తిప్పుకుని, “మీ అమ్మకి చెప్పకు” అన్నాడు.

తర్వాతి రోజుల్లో నాన్నా వకీలూ కలిసి తిరిగారు. వాళ్ల పార్టీల్లో అది అంత సులువుగా గడవలేదు. నాన్న పార్టీలో ఇద్దరు రాజీనామా చేస్తామని బెదిరించారు. వకీలు పార్టీలో కుర్రవాళ్లు ఆయన్ని పిరికివాడన్నారు. చివరికి రెండు పార్టీల ఎమ్మెల్యేలూ ఆ సభకి వస్తామని కబురు చేశారు. శంకుస్థాపనకి వాళ్లని ఎలాగూ వేదిక మీదకి పిలవాలి. మేం ఆడవాళ్లం వూరూరూ తిరిగాం. మంత్రి వచ్చే ముందు రోజున బడి ఎదురుగా కాపలా ఉండే మేమంతా కూడా బుట్టలు నెత్తిన పెట్టుకుని వజ్రపుకొత్తూరు వైపు వూళ్లకి, బెస్తపల్లెలకి కబురు చెప్పడానికి వెళ్లాం. బడి ముందు ఇద్దరు ముసలమ్మలు మాత్రం కూర్చున్నారు.

ఆ రోజు తెల్లవారుతూనే బయల్దేరాం. ఇసక దారి. ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ మధ్య కేకేస్తే వినబడేంత ఎడం. మా నలుగురిలో అత్తా, నేనూ, చెట్లెక్కే అతని భార్యా, నాన్నా. నాన్న టెక్కలి నుంచి ముందు రోజు సాయంత్రమే వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. మా ముందు నలుగురిలో వకీలు ఉన్నాడు. మలుపుల దగ్గర వెనక్కి చూస్తే మొగలిపొదల మధ్య నుంచి నలుగురు, వాళ్ల వెనక నలుగురు, ఆ వెనక ఇంకో నలుగురు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. వజ్రపుకొత్తూరు వైపు ఆడవాళ్లు అడ్డదారిన వచ్చి కలిశారు. పలాస పొలిమేరలో జీడి కొట్టే షెడ్ల ఆడవాళ్లు కలిశారు. జీడి రసానికి కాలి నల్లబడ్డ వేళ్లు వాళ్లవి. ఎవరు నేర్పారో, వాళ్లూ నలుగురేసే ఉన్నారు.

రైల్వేగేటు దగ్గర ఆగిపోయాం. గూడ్సు వస్తోందని గేటు వేశారు. ముందువాళ్లు ఆగితే వెనకవాళ్లు నడిచొచ్చి కలుస్తున్నారు. ఎడం తగ్గిపోతోంది. అప్పటిదాకా నలుగురుగా ఉన్న మనుషులు చూస్తూండగానే జనం అయిపోతున్నారు. గేటుకి అటూ ఇటూ లాఠీలతో పోలీసులున్నారు. వాళ్లు ఎదురు చూస్తున్నది దానికోసమేనని వాళ్ల కాళ్లు చెబుతున్నాయి. ఒక్కొక్కరూ సర్దుకుని నిలబడుతున్నారు.

అత్త వెనక్కి తిరిగి కేక పెట్టింది. “ఎక్కడోలు అక్కడే కూకోండి! ఒక్కడుగు ముందుకి రావొద్దు!”

ఆ గొంతు చివరిదాకా వెళ్లిందో లేక ముందువాళ్లని చూసి వెనకవాళ్లు కూర్చున్నారో తెలియదు. రోడ్డు పొడుగునా నలుగురూ నలుగురూ దుమ్ములో చతికిలబడ్డారు. మధ్యలో ఖాళీలు మళ్లీ కనబడ్డాయి. గూడ్సు పెట్టెలు ఒకటొకటే కదులుతున్నాయి, ఎంతకీ అయిపోవు.

ఒక కానిస్టేబులు మా దగ్గరికొచ్చాడు. లాఠీతో గాల్లోనే మమ్మల్ని లెక్కపెట్టాడు. లాఠీ చంటిపిల్లాడి దగ్గర ఆగింది.

“ఐదుగురు” అన్నాడు.

“పాలు తాగే గుంటడు బాబూ” అంది పిల్లాడి తల్లి, వాణ్ణి కొంగులోకి లాక్కుంటూ.

“ప్రాణం ఉందా లేదా? ఐదుగురే. లేవండి, వ్యాను ఎక్కండి.”

ముందు గుంపులోంచి వకీలు, చంకలో పిల్ల మనిషి లెక్కలోకి రాదని గట్టిగా వాదించడం మొదలెట్టాడు. ఇంకో ఇద్దరు పోలీసులు పరుగెత్తుకొచ్చారు. నాన్న మెల్లిగా లేచాడు. పంచె దులుపుకున్నాడు. “సరే, పిల్లాడు మనిషే. వాడితో కలిపి ఇక్కడ నలుగురు. ఎక్కువైంది నేను. నేను తప్పుకుంటున్నా” అని మా నుంచి విడిపోయి రోడ్డు మధ్యకి వెళ్లి ఒక్కడే నిలబడ్డాడు.

ఒంటరి మనిషిని వ్యాను ఎక్కించడం చిటికెలో పని. కానిస్టేబుళ్లు అటు తిరిగారు కూడా. అప్పుడు వకీలు తన గుంపుని వదిలి గబగబా వచ్చి నాన్న పక్కన నిలబడ్డాడు. ఇద్దరే. ఎన్నికలప్పుడు ఒకరినొకరు తిట్టుకున్న ఆ ఇద్దరూ ఒకరి భుజానికి ఒకరు తగిలేలా నిలబడి గూడ్సు వైపు చూస్తున్నారు. పోలీసులు ఏం చెయ్యాలో తోచక తమ పెద్ద కోసం చూశారు. ఇంతలో గేటు లేచింది. అత్త లేచి నడిచింది, వెనక అందరూ లేచారు.

ఆసుపత్రి కట్టబోయే మైదానంలో షామియానా వేసి ఉంది. మేం నలుగురేసి వెళ్లి మైదానమంతా కూర్చున్నాం. ఏ గుంపుకా గుంపు విడిగా. మంత్రి వేదికెక్కి చూస్తే ఎక్కడ చూసినా ఆడవాళ్లే. మా వూరి ఇనస్పెక్టరు వేదిక మెట్ల దగ్గరే ఉన్నాడు. మమ్మల్ని గుర్తుపట్టాడు. ఆయన మొహంలో నవ్వు లేదు.

మంత్రి దండలు వేయించుకుని మైకు ముందుకి రాగానే అత్త కూర్చున్నచోటు నుంచే మొదటి పేరు పిలిచింది. మైదానమంతా, “ఏడీ?” అంది.

రెండో పేరు. “ఏడీ?”

మూడోది మా ఆయన పేరు. భర్త పేరు నేను పైకి ఎప్పుడూ పలకలేదు. ఆ రోజు అత్తతో పాటు పలికాను. “ఏడీ?” అన్న ఆ పెద్ద గొంతులో నా గొంతు నాకే వినబడలేదు.

నాలుగో పేరు దగ్గర లాఠీలు లేచాయి. వెనకవైపు నుంచి మొదలెట్టారు. జీడి షెడ్ల ఆడవాళ్ల కేకలు వినబడ్డాయి. అయినా ఎవరూ లేచి పరుగెత్తలేదు. లేస్తే జనం అయిపోతాం. కూర్చున్నవాళ్ల మీద దెబ్బలు పడుతున్నాయి. నాన్న ఒకావిడకి అడ్డం వంగాడు. లాఠీ ఆయన ముంజేతి మీద పడిన చప్పుడు నాకు ఇప్పటికీ తెలుసు, ఎండు మట్ట విరిగినట్టు. వకీలు నుదుటి మీంచి రక్తం కారుతోంది. అత్త ఆపలేదు. ఐదో పేరు, ఆరో పేరు, ఏడో పేరు. ప్రతిసారీ “ఏడీ?”

వేదిక మీద ఎమ్మెల్యేలిద్దరూ లేచి నిలబడ్డారు. ఒకాయన మైకు అందుకుని, “ముందు ఈ తల్లులకి జవాబు చెప్పించండి. లేకపోతే మేమిద్దరం వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటాం” అన్నాడు. పత్రికలవాళ్లు మెట్ల దగ్గరికి చేరారు. మంత్రి చెయ్యెత్తి లాఠీలు ఆపించాడు. విసుగ్గా ఇనస్పెక్టరు వైపు తిరిగాడు.

“ఏంటయ్యా ఇది? వీళ్ల మనుషులు మీ దగ్గర ఉన్నారా?”

మైకు తెరిచే ఉంది. ఇనస్పెక్టరు టోపీ సర్దుకున్నాడు.

“ఉన్నారు సార్. విచారణ కోసం ఉంచాం. ఆరుగురు.”

ఎవరూ సంతోషించలేదు. ఒప్పుకున్నాడన్న మాట ముందు చెవిన పడి, ఆరుగురన్న మాట తర్వాత లోపలికి దిగింది. మేం పిలిచింది ఏడు పేర్లు. నేను అత్త మొహం చూశాను. అత్త నా మొహం చూసింది. చెట్లెక్కే అతని భార్య మా ఇద్దరినీ చూసి, “మా ఓడు ఉన్నాడప్పా, రోజూ సెట్టెక్కతన్నాడు కదా” అంది నెమ్మదిగా, మాకు ధైర్యం చెబుతున్నట్టు.

మర్నాడు టెక్కలి కోర్టు ఆవరణ నిండిపోయింది. రెండు పార్టీలవాళ్లూ, ఉద్దానం ఆడవాళ్లూ. ఏడిళ్లవాళ్లం ముందు నిలబడ్డాం. వ్యాను వచ్చి ఆగింది. తలుపు తీశారు. మొదట దిగింది పక్కింటి అబ్బాయి, వాళ్లమ్మ గట్టిగా ఏడ్చింది. రెండో మనిషి. మూడో మనిషి. నాలుగోవాడు కుంటుతూ దిగాడు. గడ్డం పెరిగి, చొక్కా లేకుండా, భుజాన పచ్చ అంచు తుండుతో ఉన్నాడు. అది మా ఆయనేనని తెలియడానికి నాకు కొంచెం సమయం పట్టింది. పరుగెత్తబోయి ఆగాను. నా పక్కన ఆమె పిల్లాణ్ణి ఎత్తి పట్టుకుని వ్యాను తలుపు వైపే చూస్తోంది. ఐదోవాడు, ఆరోవాడు దిగారు. తలుపు మూసేశారు.

“ఇంకా ఉన్నారు కదా బాబూ లోపల?” అంది ఆమె.

అత్త వెళ్లి ఆమె చేతుల్లోంచి పిల్లాణ్ణి తీసుకుంది.

మా ఆయన్ని జైలుకి పంపారు. బెయిలు మీద వచ్చాక చెప్పాడు. మంత్రి వచ్చే ముందు రోజు పొద్దున్న ఆ చెట్లెక్కే అతణ్ణి బొండాల కోసమని బయటికి తీసుకెళ్లారట. ఎప్పటిలా ముందు వైపు చెట్లకి కాదు, బడి వెనక ప్రెసిడెంటు తోటలోకి. తిరిగి తీసుకురాలేదు. లోపల ఉన్నవాళ్లు అడిగితే, “పారిపోయాడు” అన్నారు. మేమంతా పక్క వూళ్లకి కబురు చెప్పడానికి వెళ్లిన రోజు అది. ఈ మాట విన్నప్పుడు అత్త పీచు పేనుతోంది. చేతులు ఆగిపోయాయి. “మనం ఎల్లకపోతే ఆ ఆరుగురూ వొచ్చీవోలు కాదు” అంది. అది నాతో అన్న మాట కాదు.

వకీలు చెట్లెక్కే అతని భార్య తరఫున కేసు వేశాడు. నాన్న విరిగిన చేతికి కట్టుతోనే సాక్షిగా వచ్చాడు. కొన్నాళ్లు రెండు పార్టీలూ ఒకే మాట మీద ఉన్నాయి. విచారణ కావాలని సభలు పెట్టాయి, ఆమెని వేదికల మీద కూర్చోబెట్టాయి. ఆ ఒత్తిడికే మా వూరి క్యాంపు పక్క వూరికి మారింది, ఇనస్పెక్టరుకి బదిలీ అయింది. ప్రెసిడెంటు తోటలో ఉత్తి పని మళ్లీ ఎవరూ చెయ్యలేదు. తర్వాత ఎన్నికలొచ్చాయి. పొత్తు కుదర్లేదు. నాన్నా వకీలూ మళ్లీ ఎదురెదురు వేదికలెక్కారు. పాత తిట్లు కాకపోయినా కొత్తవి దొరికాయి.

అయినా వాయిదాలకి ఇద్దరూ వచ్చేవారు. పక్కపక్కన కూర్చునేవారు కాదు. వకీలు తన బల్ల దగ్గర, నాన్న వరండా చివర. ఆమె పిల్లాడి చెయ్యి పట్టుకుని ఇద్దరికీ మధ్య నిలబడేది. అత్త బతికున్నన్నాళ్లూ ఆమెతో వెళ్లింది, అత్త తర్వాత నేను. ఆమె బొట్టు తియ్యలేదు, తియ్యమని వూళ్లో ఎవరూ అనలేదు.

చివరికి ఒకరోజు కేసు కొట్టేశారు. పారిపోయిన మనిషిని చంపారనడానికి ఆధారం లేదన్నారు. బయటికొచ్చాం. ఎండగా ఉంది. వకీలు ఫైలు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు, నాన్న చెప్పులు వేసుకుంటున్నాడు. ఆమెకి లోపల చదివినదేదీ అర్థం కాలేదు. ఇద్దరినీ చూసి అలవాటుగా అడిగింది.

“మల్లీ ఎప్పుడు రమ్మంతారు బాబూ?”

నాన్న వకీలు వైపు చూశాడు. వకీలు నాన్న వైపు చూశాడు. ఎవరు చెప్పాలో ఇద్దరికీ తెలియలేదు.